సెలైన్ సీసా, తెల్ల కణం

సుమా,

క్యాజువాల్టీ పోస్టింగ్ మొదలైందని రాశావు. బీపీ పడిపోయిన రోగికి ఎన్‌ఎస్ (నార్మల్ సెలైన్) పెట్టినా, ఆర్‌ఎల్ (రింగర్స్ లాక్టేట్) పెట్టినా ఒకటేనన్న మీ సీనియర్ మాట నీకు మింగుడు పడలేదన్నావు. నాకూ మింగుడు పడదమ్మా.

1832లో స్కాట్లండ్‌లోని లీత్‌లో థామస్ లట్టా కలరా రోగుల సిరల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. ఆ తర్వాత చాలాకాలం మన డాక్టర్ల చూపంతా రోగి నాడి మీద, మూత్రం మీదే ఉండిపోయింది, ద్రవం కూర్పు మీద కాదు. వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఇలాంటి ఉప్పు ద్రవాలు ధారాళంగా ఎక్కించారు. షాక్ నుంచి తేరుకున్న కొందరికి తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతినేవి. ‘డా నాంగ్ లంగ్’ అన్నారు దాన్ని. కారణాలు చాలానే ఉండొచ్చు. అనుమానం మాత్రం సీసా మీదికీ వెళ్లింది.

బెథెస్డాలోని సైనిక వైద్య విశ్వవిద్యాలయంలో పీటర్ రీ, హసన్ ఆలం, ఎలీనా కౌస్తోవా బృందం మనుషుల రక్తాన్ని రకరకాల ద్రవాలతో పలచన చేసి చూసింది. ఆర్‌ఎల్ కలిపితే, ఏ క్రిమీ లేకుండానే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు, క్రిములను చంపడానికి వాడే తమ ఆక్సిజన్ విషాలను తయారుచేశాయి. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ద్రావణంతో అంతే పలచన చేసినా అలా రెచ్చిపోలేదు. అంటే తప్పు పలచన కావడంలో లేదు, ద్రవం కూర్పులో ఉంది. ఆ కూర్పులో అనుమానం లాక్టేట్ మీద పడింది. అప్పటి ఆర్‌ఎల్‌లో లాక్టేట్ సగం డి రూపంలో (మామూలు ఎల్ రూపానికి అద్దంలో బింబం లాంటిది) ఉండేది. మన ఒంట్లో అది దొరికేది బహు స్వల్పం. దాన్ని తీసేయమని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో సిఫారసు చేసింది.

జన్యువుల సంగతి ఇంకా లోతైనది. చుట్టూ ఉన్న ఉప్పు, ఆమ్లత, లాక్టేట్ మారితే కణం పసిగడుతుంది. ఆ కబురు కేంద్రకం దాకా వెళ్లి, కొన్ని జన్యువుల పని పెరుగుతుంది, కొన్నిటిది తగ్గుతుంది. ఆర్‌ఎల్ తగిలిన తెల్ల కణాల్లో వాపు, కదలిక, కణమరణం నడిపే జన్యువుల తీరు మారినట్టు ఆ బృందమే చూపింది. విషాల విడుదల నిమిషాల పని. జన్యువుల నుంచి ప్రొటీన్లు తయారై ప్రభావం తెలియడానికి గంటలు పడుతుంది. ఈ రాత్రి నువ్వెక్కించినదానికి జవాబు రేపటి డ్యూటీ డాక్టరుకు కనబడవచ్చు.

అలాగని ల్యాబ్ ఫలితాన్ని నేరుగా మంచం దగ్గరికి తేకు. 7.5 శాతం ఉప్పు ద్రావణం న్యూట్రోఫిల్స్‌ను భలే శాంతింపజేసింది. తీరా అమెరికా, కెనడాల్లో క్షతగాత్రులకు ఇచ్చి చూస్తే ప్రాణాలు దక్కడంలో తేడా రాలేదు. మరోపక్క, ఎన్‌ఎస్‌లో క్లోరైడ్ లీటరుకు 154 మిల్లీమోల్స్, రక్తంలో దాదాపు 100. 2018లో వెలువడ్డ స్మార్ట్ అధ్యయనంలో, పదిహేను వేలకు పైగా ఐసీయూ రోగుల్లో, ఆర్‌ఎల్ వంటి ద్రవాలు పొందినవారికి ఎన్‌ఎస్ పొందినవారికంటే కిడ్నీ చిక్కులు కొంచెం తక్కువ. నేనైతే ఆ కొంచెం తేడానూ లెక్కలోకి తీసుకుంటాను.

షాక్‌లో ఉన్నవాడికి ద్రవం ఆలస్యం చేయకు. రక్తం పోతున్నవాడికి రక్తమే త్వరగా తెప్పించు. కేస్ షీటులో ‘ఐవీ ఫ్లూయిడ్స్’ అని ఊరుకోకుండా ఏ ద్రవం, ఎన్ని మిల్లీలీటర్లు, ఎప్పుడు ఆపాలి అన్నది మందు రాసినట్టే రాయి. మీ సీనియర్‌తో వాదన పెట్టుకోవద్దు, ఆ షీటు చూపించు చాలు.

మీ పెద్దనాన్న