లాయరు సరిగా వాదించకపోతే అప్పీలు మళ్లీ తెరవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి సెషన్స్ కోర్టు వేసిన శిక్షను హైకోర్టు ఖాయం చేసింది. ముఖ్య సాక్షి మాట మార్చిన సంగతి మా లాయరు ఎత్తనే లేదు. అక్కడే అప్పీలు మళ్లీ తెరిపించవచ్చా?

జవాబు: కుదరదు. తీర్పుపై సంతకం పడ్డాక రాతలో, లెక్కలో దొర్లిన పొరపాట్లు దిద్దడం తప్ప ఆ కోర్టు దాన్ని మార్చలేదు. పాత సీఆర్‌పీసీ 362, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 403 సెక్షన్లు చెప్పేది ఇదే. వాదన బలహీనంగా సాగిందన్న కారణం దీనికి మినహాయింపు కాదు. అయితే లాయరు రాలేదని, రికార్డు చూడకుండానే అప్పీలు కొట్టేసి ఉంటే సంగతి వేరు. అలా చేయరాదని బానీ సింగ్ కేసులో (1996) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీకున్న దారి సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్. హైకోర్టు తీర్పు వచ్చిన 90 రోజుల్లో వేయాలి. గడువు దాటితే సరైన కారణం చూపి, ఆలస్యాన్ని మన్నించమని కోరాలి. పిటిషన్‌లో లాయరుపై ఫిర్యాదుకన్నా రికార్డుకే బలం ఎక్కువ. పోలీసులకు సాక్షి ఏం చెప్పాడు, బోనులో ఏం చెప్పాడు, ఆ తేడాను తీర్పు ఎక్కడ వదిలేసింది అన్నది పేజీ నంబర్లతో చూపండి. మీ తమ్ముడు జైల్లో ఉంటే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హుడు. జైలు అధికారుల ద్వారానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.