వరిమడిలోని వాయువు

ఓరుగల్లు సీమ చెరువులకు పెట్టినది పేరు. కాకతీయుల కాలమునాటి గణపసముద్రము నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, బయ్యారము చెరువు మహబూబాబాదు జిల్లాలోను కలవు. జనగామ ప్రాంతము మెట్టసీమ. అచ్చట చెరువులతోపాటు బోరుబావులును వరికి నీరందించుచున్నవి.

ఈ మడులలో కంటికి కానరాని వాయువొకటి పుట్టుచుండును. దాని పేరు మీథేన్. 1776లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా, సరస్సు అడుగు బురదనుండి వెడలు బుడగలను పట్టి దీనిని కనుగొనెను. మడిలో నీరు నిలిచియున్నప్పుడు ప్రాణవాయువు మట్టిలోనికి చొరజాలదు. అట్టిచోట బ్రతుకు సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డినుండి మీథేన్‌ను పుట్టించును. అందు అధికభాగము వరికాడలలోని సన్నని దారులగుండ పైకి పోవును. నూరేండ్ల లెక్కన, ఇది అంతే బరువు గల బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించును.

భారతదేశపు వరిపొలములు ఏటేట 3 కోట్ల 80 లక్షల టన్నుల మీథేన్‌ను వెడలించునని ఒకప్పుడు విదేశములలో అంచనా వేసిరి. 1991లో మన శాస్త్రజ్ఞులు పలుచోట్ల మడులలోనే కొలిచి చూడగా, అది సుమారు 40 లక్షల టన్నులేయని తేలెను. అదియును తగ్గింపదగినదే.

మార్గము కలదు. రంధ్రములు గల గొట్టమును మడిలో పాతి, నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్లు దిగిన పిమ్మట మరల తడిపెట్టవలెను. పూతవేళ మాత్రము నీరు నిలుపవలెను. పద్ధతి తప్పకున్నచో దిగుబడి తగ్గకయే మీథేన్ దాదాపు సగము వరకు తగ్గవచ్చును. ఎరువును ఎన్నుకొనుటయు ముఖ్యమే. దమ్ములో గడ్డిని నేరుగా కలిపినచో మీథేన్ హెచ్చును. బాగుగా మాగిన ఎరువు వేసినచో అంతగా పుట్టదు. జిప్సము వేసినచో, దానిలోని గంధక లవణముతో జీవించు వేరొక జాతి సూక్ష్మజీవులు పెరిగి, మీథేన్‌ను పుట్టించువాని ఆహారమును పంచుకొనును. అయితే ఆరిన మడిలో యూరియా మితిమీరినచో నైట్రస్ ఆక్సైడను మరియొక వేడివాయువు పెరుగును. కావున ఎరువునకు మితము వలయును.

బోరుబావి గల రైతు తన మడిని తానే ఆరబెట్టుకొనగలడు. చెరువు క్రింది రైతున కది సులభము కాదు. పైమడి నిండిననే గాని క్రింది మడికి నీరు రాదు. తూము తెరచిననే గాని తడి లేదు. మరల నీరు వచ్చునో రాదో యను భయముచే అతడు వచ్చినదంతయు నిలుపుకొనును. అది అజ్ఞానము కాదు, ముందుచూపు. పూర్వము నీరటికాడు చెరువు నీటిని వంతులచొప్పున పంచెడివాడు. తన వంతు తప్పదను నమ్మకము గలనాడే రైతు ధైర్యముగా మడి నారనిచ్చును.