గిన్నె అడుగున తెల్లపొర ఎందుకు?

చిలకలగూడ పాఠకురాలి సందేహం: బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లపొర కడుతోంది. చింతపండుతో తోమితే పోతోంది. ఎందుకని?

రాతిపొరల్లోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ అయాన్లు కరిగి ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఉన్నంతవరకు అవి సమతాస్థితిలోనే ఉంటాయి. కాచగానే ఆ వాయువు ఎగిరిపోతుంది. 1884లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాట్లియే చెప్పిన సూత్రం ప్రకారం, చర్య ఆ లోటు పూడ్చే వైపు జరుగుతుంది. బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం కార్బొనేట్ పేరుకుంటుంది. అదే ఆ పొర.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. వచ్చే బుడగలు కార్బన్ డయాక్సైడే.

అయితే ఈ చర్యలో ఏర్పడే కాల్షియం టార్టరేట్ నీటిలో పెద్దగా కరగదు. మందపాటి పొరకు వెనిగరే మేలు: దానితో ఏర్పడే కాల్షియం ఎసిటేట్ సులువుగా కరిగిపోతుంది. అల్యూమినియం గిన్నెలో మాత్రం పులుపు ఎక్కువసేపు నానబెట్టకూడదు.