మూడు గొట్టముల జర్మను తుపాకి

పాలకొండ, పార్వతీపురము, సాలూరు ప్రాంతములందలి కొండదాపు గ్రామములలో మొక్కజొన్న, చెరకు చేలపై అడవిపందులు పడుట రైతులెల్లరు నెఱిగినదే. దగ్గఱి పిట్టను, దూరపు మృగమును గూడ కొట్టగలదని పేరొందిన జర్మను తుపాకి యొకటి గలదు. అది చేలకావలికి తగునా యనుటయే యీ నెల పాఠము.

జర్మనీదేశపు వేటగాడు అడవి కేగునపుడు కౌజు లేచునో, కుందేలు పరుగిడునో, పంది యెదురగునో ముందుగా నెఱుగడు. పిట్టకు సన్నగుండ్లు చాలును. పందికి ఒంటిగుండు కావలెను. రెండు తుపాకులు మోయుటకు మాఱుగా నొకదానియందే రెండు విధముల గొట్టములను కూర్చిరి. మ్యూనిక్ నగరవాసి యగు పీటర్ ఓబర్‌హామర్ 1878లో మూడు గొట్టముల తుపాకికి పేటెంటు పొందెను. మన దేశమున ఆయుధముల చట్టము వెలువడినదియు నా యేడే! జర్మనులు దీనిని 'డ్రిల్లింగ్' అందురు. వారి భాషలో 'డ్రై' అనగా మూడు. జూల్ పట్టణమున 1751లో వెలసిన జావర్ కార్ఖానా దీనికి ప్రసిద్ధము. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను వైమానికులకును ఆ కార్ఖానావారు ఇట్టి తుపాకులు చేసియిచ్చిరి.

సాధారణముగా పైన రెండు నున్నని గొట్టములు ప్రక్కప్రక్కన నుండును. వాని క్రింద లోపల మెలిగీతలు గల రైఫిలు గొట్టము. గొట్టములు మూడైనను మీటలు రెండే. పైనున్న చిన్నబిళ్లను ముందునకు ద్రోయగా ముందుమీట రైఫిలు గొట్టమును పేల్చును. గుఱిచూచు రేకు తనంతట లేచి నిలుచును. ఇందే నేర్పును, ఇందే ముప్పును గలవు. బిళ్లను వెనుకకు లాగ మఱచిన చీకటిలో సన్నగుండ్లనుకొని మీట నొక్కినచో వెడలునది ఒంటిగుండు. సన్నగుండ్ల సత్తువ నూఱుగజములకే చాలవఱకు తగ్గును. రైఫిలు గుండు మైలు దాటి పోగలదు. పొలముగట్టునకు ఆవల మఱియొక మంచె, దానిపై మఱియొక కావలివాడు నుండు మన సీమలో నిది యెంతటి యపాయమో చెప్పనేల?

చట్టమును దీనికి అనుకూలము గాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము పంటకావలికి లైసెన్సు మూతినుండి మందు కూరు తుపాకికే. అది చాలదని అధికారికి తోచిన, 20 అంగుళములకు తక్కువ గాని నున్నగొట్టపు తుపాకి కీయవచ్చును. రైఫిలు గొట్టమున్న డ్రిల్లింగ్ ఇందులో చేరదు. తుపాకి యెట్టిదైనను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అధికారము గల అధికారి వ్రాతపూర్వకముగ ఉత్తరు వియ్యనిదే పందిని చంపరాదు.

తాతలనాటి తుపాకి యేయింటనైన నుండి, లైసెన్సుదారు గతించినచో, ఆలస్యము చేయక పోలీసుస్టేషనులో గాని లైసెన్సుగల వ్యాపారికడ గాని అప్పగింపవలెను. వారసునికి లైసెన్సు వచ్చి తుపాకి మరల చేతికందినను, వెంటనే పేల్చరాదు. యుద్ధమునకు పూర్వపు 16 నంబరు జర్మను తుపాకులలో పెక్కింటికి తోటాగది పొడవు 65 మిల్లీమీటర్లు మాత్రమే. నేటి 70 మిల్లీమీటర్ల తోటా అందు సుళువుగనే దూరును. కాని పేలినపుడు దాని మూతి విచ్చుకొనుటకు తావు చాలక ఒత్తిడి హెచ్చును. తోటాగదిని నిపుణునిచే కొలిపించిన పిమ్మటనే తోటాలు కొనవలెను.