ఆధారాల పాఠం వదిలేయకండి

గ్రూప్స్‌కు చదివే వారి చరిత్ర పుస్తకం తిరగేయండి. రాజవంశాల పేజీల నిండా రంగు పెన్ను గీతలే. మొదట్లో ఉండే ‘చారిత్రక ఆధారాలు’ పాఠం మాత్రం కొత్త నోటులా మడత నలగకుండా ఉంటుంది. అదేమంటే, ‘శాసనాలు, నాణేలు, సాహిత్యం, విదేశీ యాత్రికులు... అంతే కదా సార్’ అంటారు. ఆ నాలుగు పేర్లు బట్టీ పడితే ప్రిలిమ్స్‌లో ఒకటో రెండో మార్కులు రావచ్చు. మెయిన్స్‌లో మాత్రం ఆ మాత్రం చదువు చాలదు.

ఎందుకో చెప్పడానికి కాకతీయ రాణి రుద్రమదేవి ఒక్కరు చాలు. ఆమె 1295 దాకా పాలించిందని పాత పుస్తకాల్లో ఉంటుంది. నల్గొండ జిల్లా చందుపట్లలో బయటపడిన శాసనం ఆ లెక్క మార్చేసింది. రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని పువ్వుల ముమ్మడి వేయించిన శాసనమది. కాలం శక సంవత్సరం 1211, మార్గశిర మాసం. 78 కలిపితే 1289. (పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా వచ్చే తిథులకు 79 కలపాల్సి రావచ్చు. లెక్కల్లో చాలామంది జారేది ఇక్కడే.) ఇక తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరులో ఆమె చనిపోయిందన్నది ఇతర ఆధారాలను కలిపి చరిత్రకారులు చేసిన నిర్ధారణ. చందుపట్ల రాయి మీద ఆ ముక్క లేదు. జవాబులో ఈ తేడా చూపించగలిగిన అభ్యర్థి పేపరు దిద్దేవారి కంట్లో పడతాడు.

ఇప్పుడు మార్కోపోలోను తీసుకోండి. మోటుపల్లిని ‘ముత్ఫిలి’ అన్న ఆ వెనిస్ వర్తకుడు, అక్కడ భర్త పోయిన రాణి ఏలుబడి సాగుతోందని రాశాడు. రుద్రమ తనకు ముందు ఏలిన గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. 1261 నాటి మల్కాపురం శాసనమే ఆ సంగతి చెబుతుంది. పైగా అతను ఈ తీరానికి వచ్చాడని భావించే నాటికి ఆమె లేనే లేదు. అలాగని అతని రాతను అవతల పారేయలేం. వజ్రాల గురించి, సన్నని నేత బట్టల గురించి అతను చెప్పినవి విలువైనవే. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం పక్కన పెట్టి చదివితే ఆ విలువ తెలుస్తుంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు లాక్కునేవారనీ, తాము సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ అందులో రాజు మాట ఇచ్చాడు. అంతఃపురం సంగతులు మార్కోపోలోకు చెవిన పడ్డవి. సరుకుల సంగతులు అతని వృత్తి. ఏ సాక్షిని ఏ విషయంలో నమ్మాలో తేల్చుకోవడమే ఈ పాఠం అసలు పని.

శాసనాలనూ గుడ్డిగా నమ్మకూడదు. మొదట్లో ఉండే ప్రశస్తిలో ప్రతి రాజూ దిగ్విజయుడే. దానం ఇచ్చిన పొలం సరిహద్దులు, పన్నుల పేర్లు ఉండే చివరి భాగం మీదే నాకు ఎక్కువ నమ్మకం. సాహిత్యంలో మరో చిక్కు. విద్యానాథుడి ‘ప్రతాపరుద్రీయం’ ప్రతాపరుద్రుడి కాలానిదే. ఏకామ్రనాథుడి ‘ప్రతాపరుద్ర చరిత్రం’ కాకతీయ రాజ్యం పోయిన చాలాకాలానికి వచ్చింది. జతపరచమనే ప్రశ్నల్లో ఈ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, జాగ్రత్త. కావ్యాల నుంచి జనం తిండి, బట్ట, ఆటపాటలు ఎలా రాబట్టాలో తెలియాలంటే సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ చదవండి. 1955లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న పుస్తకం.

నాణేలకు జగిత్యాల జిల్లా కోటిలింగాలను గుర్తుపెట్టుకుంటే చాలు. శాతవాహన సిముకుడి నాణేలు దొరికింది అక్కడే.

పరీక్షలు సరే, దీనితో ఉద్యోగమేమిటని అడగొచ్చు. ఉంది, కాకపోతే పోస్టులు తక్కువ. భారత పురావస్తు సర్వే శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. అక్కడ సంస్కృతం, ద్రావిడ భాషలు, పాత లిపులు వచ్చినవారు కావాలి. అరబిక్, పర్షియన్ శాసనాలకు నాగపూర్‌లో వేరే శాఖ. పురావస్తు శాస్త్రంలో పీజీ డిప్లొమా గ్రేటర్ నోయిడాలో, పత్రాల నిర్వహణలో డిప్లొమా ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో చేయవచ్చు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి పర్షియన్ కాగితాలున్నాయి. వాటిని చదవగల తెలుగు విద్యార్థులు అరుదు. ఉర్దూ వచ్చినవారు పర్షియన్ మీద రెండేళ్లు కష్టపడితే పోటీ అంతగా లేని దారి అది.

శాసనం నకలు తీసే పని ఎలా ఉంటుందంటే, ముందు రాయిని నీళ్లతో, బ్రష్‌తో కడుగుతారు. తడిపిన కాగితం పరిచి, అక్షరాల గాళ్లలోకి దిగేదాకా గట్టి కుచ్చుల బ్రష్‌తో కొడతారు. కాస్త ఆరాక సిరా అద్దుతారు. చుట్టూ నలుపు, అక్షరం తెలుపుగా తేలుతుంది. ఎండలో గంటలు గంటలు నిలబడే ఓపిక లేనివారు ఈ దారి పట్టకపోవడమే మంచిది.

ఆ అక్షరం గాడిలో సున్నం పేరుకుంటే నకలు సరిగా రాదు. కాబట్టి మీ ఊరి గుడిలో శాసనం ఉంటే, ఈసారి పండక్కి దాని మీద సున్నం, రంగు వేయనివ్వకండి. ఫొటో తీసి జిల్లా పురావస్తు అధికారులకు చూపించండి.