ఖాళీగా వదిలిన విల్లు

చిరంజీవి చిన్నబిడ్డకు అంకాపూర్ నుంచి పెద్దబాపు ఆశీర్వదించి తెలియజేయునది ఏమనగా, వింటి లింబ్, అనగా పిడికి పైనా కిందా అమరి ఉండి తాడు లాగినప్పుడు వంగే రెక్క, సాధారణంగా విరిగిన రోజున పాడయ్యేది కాదు. ఎన్నడో దాని పోగుల్లో పడిన గాయం, వేసిన ప్రతి బాణంతోనూ కొద్దికొద్దిగా పాకుతూ వచ్చి, ఆ రోజున బయటపడుతుంది. తోటి పిల్ల ఒకతె సరదాకు చిన్నబిడ్డ కాంపౌండ్ విల్లును బాణం లేకుండా పూర్తిగా లాగి వదిలిందనీ, పెద్ద చప్పుడైనా పైకి ఏమీ కనిపించనందున మర్నాడు సాధన మామూలుగానే సాగిందనీ చిన్నబిడ్డ ఉత్తరంలో రెండు వాక్యాలున్నాయి. మెస్ కూరల గురించీ పోటీల గురించీ రాసిన మిగతా పుటలన్నీ ఇంట్లోవారు నవ్వుతూ చదువుకున్నారు గాని, పెద్దబాపుకు మాత్రం ఆ రెండు వాక్యాల దగ్గరే నిద్ర పట్టలేదు.

తాడును లాగడానికి చేసిన పని అంతా వంగిన లింబ్‌లలో శక్తిగా నిలవ ఉంటుంది. వదిలిన క్షణాన అందులో అధికభాగాన్ని బాణం మోసుకుపోగా, మిగిలిన కొంచెమే తాడులో, లింబ్‌లలో కంపనంగా అణగిపోతుంది. 20 గ్రాముల బాణం సెకనుకు 80 మీటర్ల వేగంతో బయలుదేరితే దానితో పోయేది 64 జౌళ్లు, అంటే ఆరున్నర కిలోల పసుపు సంచి మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ. బాణమే లేనప్పుడు ఆ దెబ్బకు పోవడానికి చోటు లేక తాడు మీద, కొసన తిరిగే చక్రాలైన కామ్‌ల మీద, వాటిని మోసే ఇరుసుల మీద, అన్నిటికీ మించి లింబ్ కొసల మీద పడుతుంది. ఖాళీగా వదలడం ఒక్కటే కాదు, మరీ తేలిక బాణం వేయడమూ సగం ఖాళీగా వదలడమే. అందుకే లాగే బలంలో ప్రతి పౌనుకు బాణం కనీసం 5 గ్రెయిన్ల బరువు ఉండాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు, 60 పౌన్ల వింటికి ఆ లెక్క 300 గ్రెయిన్లు, సుమారు 19.4 గ్రాములు.

క్రాస్‌బో, అంటే దిమ్మకు అడ్డంగా బిగించి మీటతో వదిలే విల్లు, ఈ ముప్పును ఇంకా స్పష్టంగా చూపుతుంది. దాని తాడు ప్రయాణించే దూరం చేతివింటి కన్నా తక్కువ గనుక అంతే శక్తిని నిలవ చేయాలంటే లాగే బలం బాగా పెంచక తప్పదు, పొట్టి లింబ్ అంత బలాన్ని భరిస్తూ వంగక తప్పదు. అందువల్లనే ఈనాటి క్రాస్‌బోలు చాలావాటిలో బాణం పెట్టనిదే తాడు విడవని అడ్డు ఒకటి అమరుస్తున్నారు. చేతివింటికి అటువంటి అడ్డు లేదు. వేళ్లకూ, తాడును పట్టి వదిలే రిలీజ్ మీటకూ ఉన్న క్రమశిక్షణే అడ్డు. చైనాలో 1974లో బయటపడిన మట్టిసైనికుల గుంతల్లో క్రాస్‌బోల కంచు మీటలు రెండువేల ఏళ్ల తరువాత కూడా మిగిలాయి, చెక్క రెక్కలు మట్టిలో కలిసిపోయాయి. ఆ వింటిలోనూ మీట కన్నా ముందు పోయింది రెక్కే.

పెద్దబాపు పడుచుతనంలో ఎర్రజొన్న విత్తనాల బేరానికి పోచంపాడు దాటి నిర్మల్ పోయినప్పుడు, బస్సు తప్పిపోతే (తప్పించుకున్నాడని చిన్నబిడ్డ నాయనమ్మ అనేది, అందులో అబద్ధం లేదు) కడెం వైపు గోండు గూడెంలో ఆగిపోయేవాడు. అక్కడి జొన్నరొట్టె రుచి వేరు, ఆ సంగతి అటుంచితే, ఒక ముసలాయన వెదురు పైతొక్క గురి వైపు ఉండేటట్టు విల్లు చెక్కి, కణుపుల దగ్గర పోగు తెగకుండా కత్తిని పక్కకు తిప్పేవాడు. వంగిన రెక్కలో గురి వైపు ముఖం సాగుతుంది, విలుకాని వైపు ముఖం నలుగుతుంది, నడుమన ఒత్తిడి దాదాపు లేదు. తొక్క దగ్గర పోగులు దట్టం గనుక సాగే పని దానికి అప్పగించడం ఆయన వివేకం. పిల్లవాడెవడో ఆ విల్లును ఉత్తగా లాగి వదిలితే ఆయన తిట్టలేదు, కొట్టలేదు, తాడు విప్పి విల్లును చూరులో దోపి ఆ రోజుకు వేట మానుకున్నాడు.

కాంపౌండ్ లింబ్‌లో వెదురుకు బదులు గాజుపోగులు రెజిన్‌లో అతికి ఉంటాయి. అంచున గీత పడినా, నిజామాబాద్ వంటి చోట ఎండాకాలంలో కారు డిక్కీలో మరచినా, బోల్టును పరిమితి దాటి బిగించినా, ఆయుష్షు తగ్గుతుంది. ఇవన్నీ కోచ్ చెప్పే ఉంటారు, తిరిగి చెప్పనక్కరలేదు. ఖాళీ దెబ్బ సంగతి మాత్రం మళ్లీ చెప్పవలసిందే. ముందుగా ఆ విల్లును లాగడం ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, దూదిని లింబ్ అంచుల వెంట మెల్లగా జరిపి చూడాలి. దూది పోగు చిక్కుకున్నచోట గాజుపోగు లేచినట్టు. అక్కడ వేలు పెట్టరాదు, ఆ ముల్లు చర్మంలో దిగితే తీయడం కష్టం. దూది చిక్కకపోయినా లోపలి పగులు లేదని రుజువు కాదు, అందువల్ల బో ప్రెస్, అనగా లింబ్‌లను వంచి తాడు సడలించే యంత్రం, ఉన్న మెకానిక్ తాడు విప్పి, ఇరుసులూ కామ్‌లూ చూసిన తరువాతే తిరిగి లాగాలి. చెంప దగ్గర తాడు పెట్టుకుని నిలబడే పిల్ల ముఖానికి ఆ లింబ్ ఎంత దగ్గరో చిన్నబిడ్డకు తెలియనిది కాదు.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణాలు తెచ్చిన జ్యోతి సురేఖ పటం ఇంట్లో గోడకు ఇప్పటికీ ఉంది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ కూడా చేరింది, కనుక చిన్నబిడ్డకు తొందర ఎందుకో పెద్దబాపు ఎరుగును. పోటీ ఒకటి తప్పినా ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. రాత్రిపూట పెరుగు మానేస్తున్నదని అమ్మ బెంగపడుతున్నది, అది మానరాదు. ఆరిన పసుపు పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు చేరగానే కొత్త లింబ్‌ల జతకు డబ్బు పంపబడుతుంది. ధర ఎంతవుతుందో మెకానిక్‌ను అడిగి రాయవలెను. పాత జతను ఎవరికీ అమ్మరాదు, ఊరికే ఇవ్వనూ రాదు, రెండు ముక్కలుగా కోయించి పారవేయవలెను.