ఆదివారం సగం వంట, సాయంత్రం పోపు

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏడు గంటలకు ఆఫీసు వదిలినవాళ్లు ఎల్బీనగర్ వైపు ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అప్పుడు పప్పు నానబెట్టి, కూర తరిగి వంట మొదలుపెట్టాలంటే ఎవరికైనా చేతులాడవు. అందుకే చాలా ఇళ్లలో అన్నం ఒక్కటే పొయ్యి మీద ఉడుకుతోంది. కూర, పప్పు, చారు వీధి చివరి కర్రీ పాయింట్ నుంచి కవర్లలో వస్తున్నాయి. వారానికి ఒకరోజు తెచ్చుకుంటే ఏమీ కాదు. రోజూ అదే అయితే ఉప్పూ నూనే మన చేతిలో ఉండవు, ఆకుకూర కంచంలో కనబడదు, నెలాఖరుకు లెక్క చూసుకుంటే ఖర్చూ తక్కువేం కాదు.

ఆదివారం కూర్చుని ఐదు రోజుల కూరలూ వండి డబ్బాల్లో సర్దేయమని చెప్పేవాళ్లున్నారు. మన వంటకు ఆ పద్ధతి నప్పదని నా గట్టి నమ్మకం. బుధవారానికి దొండకాయ వేపుడు మెత్తబడిపోతుంది, గురువారానికి పప్పు వాసన మారుతుంది, మూత తీయగానే పిల్లలు మొహం తిప్పుకుంటారు. ముందుగా చేసిపెట్టుకోవలసింది వంటలో ఎక్కువసేపు పట్టే భాగం. నానడం, ఉడకడం, రుబ్బడం, తరగడం ఆదివారం ముగించండి. పోపు మాత్రం ఏ రోజుకారోజే వేసుకోండి. ఆవాలు చిటపటలాడి, నూనెలో వెల్లుల్లి, కరివేపాకు పడిన వాసన వస్తేనే మనకు వంట తాజాగా ఉన్నట్టు. దానికి పట్టేది మూడు నిమిషాలు.

పప్పుతో మొదలుపెట్టండి. నలుగురున్న ఇంట్లో మూడు పూటలకు పావుకిలో పైచిలుకు కందిపప్పు సరిపోతుంది. అరగంట నానబెట్టి, పసుపు, చుక్క నూనె వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. టమాటా, చింతపండు అప్పుడే వేయకండి. పులుపు తగిలితే బద్ద సరిగా ఉడకదు. పైగా వట్టి పప్పుగా ఉంచుకుంటే అది ఏ రోజుకు కావలసిన వంటగా ఆ రోజు మారుతుంది. సోమవారం పోపులో పాలకూర మగ్గించి కలిపితే పాలకూర పప్పు. మంగళవారం టమాటా, పచ్చిమిర్చి వేసి దించితే టమాటా పప్పు. బుధవారం మిగిలినదాన్ని పలచన చేసి, ములక్కాడ ముక్కలు విడిగా ఉడికించి వేసి, చింతపండు గుజ్జు పోసి మరగనిస్తే పప్పుచారు. మూడు రాత్రులకు పప్పు ఒక్కటే అయినా తినేవాళ్లకు ఒకేలా అనిపించదు. బుధవారం దాటనివ్వకండి. గురువారం పప్పు కావాలనిపిస్తే పెసరపప్పు ఉంది, కుక్కర్ లేకుండానే ఇరవై నిమిషాల్లో ఉడుకుతుంది.

ఆ చింతపండు గుజ్జు కూడా ఆదివారం పనే. వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, వడగట్టి, చిక్కబడేదాకా ఉడికించి గాజు సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. అందులో కొంత తీసి నూనె, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చితో మరికాస్త దగ్గరపడనిస్తే పులిహోర గుజ్జు సిద్ధం. ఏమీ చేయలేని రాత్రి వేడన్నంలో కలుపుకుని, ఇన్ని పల్లీలు వేయించి వేసుకుంటే భోజనం అయిపోతుంది.

దాచే పద్ధతి విషయంలో మాత్రం అలసత్వం వద్దు. వండిన పదార్థం 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. మన ఎండాకాలం వంటగది సరిగ్గా ఆ వేడిలోనే ఉంటుంది. ఉడికిన పప్పును లోతైన గిన్నెలో వదిలేస్తే నడుమ గంటల తరబడి వేడి తగ్గదు. వెడల్పాటి పళ్లెంలోకి తీసి, దాన్ని చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి, ఎండాకాలంలో గంటలోపే. ఒకే గిన్నెలో ఉంచి రోజూ మొత్తం వేడిచేసి మళ్లీ లోపల పెట్టడం మంచిది కాదు. పూటకొక డబ్బాగా విడగొట్టుకుంటే ఆ పూటది మాత్రమే తీసి, బాగా పొంగు వచ్చేదాకా కాచుకోవచ్చు.

అన్నం మాత్రం ముందుగా వండి దాచకండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం బయట ఉన్నకొద్దీ అవి పెరిగి ఒక విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఎలాగూ అన్నం ఇరవై నిమిషాల పని. ఇంటికి రాగానే పొయ్యి మీద పడేస్తే కాళ్లు కడుక్కుని కూర ముగించేలోపు అయిపోతుంది.

కూరగాయల దగ్గరికి వస్తే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు గుర్తుపెట్టుకోదగ్గవి. 2000 కిలోకేలరీల రోజువారీ భోజనంలో ధాన్యాలు 250 గ్రాములైతే కూరగాయలు 400 గ్రాములు ఉండాలని, అందులో 100 గ్రాములు ఆకుకూరలే కావాలని ఆ సంస్థ చెబుతోంది. మన కంచాల్లో ఈ లెక్క తిరగబడింది. గుట్టంత అన్నానికి గరిటెడు కూర. నలుగురికి ఆ లెక్కన రోజుకు కిలోన్నర పైనే కూరగాయలు తరగాలి. పొద్దుపోయి ఇంటికి వచ్చినవాళ్లకు అది అయ్యే పని కాదు, తరిగి ఉంటేనే పళ్లెంలోకి వస్తాయి.

ఆదివారం పొద్దున్నే రైతుబజారుకు వెళ్లిరండి. తెచ్చినవాటిలో ముందు వాడిపోయేవి ముందు వండాలి. ఆకుకూరలు సోమ, మంగళవారాల్లో. వేర్లు కోసి, కుళ్లిన ఆకు ఏరేసి, కడగకుండా పొడి నూలుబట్టలో చుట్టి పెట్టండి, వండేముందు కడుక్కోవచ్చు. బీరకాయ, సొరకాయ వారం నడుమ. క్యాబేజీ, క్యారెట్, దుంపలు శుక్రవారం దాకా ఆగుతాయి. బీన్స్, గోరుచిక్కుడు, క్యాబేజీ ముందే తరిగి తడి లేని డబ్బాలో పెడితే రెండు మూడు రోజులకు ఢోకా లేదు. వంకాయ కోయకండి, నల్లబడుతుంది. బెండకాయ కడిగి తుడిచి ఆరబెట్టి ఉంచితే చాలు, ముక్కలు సాయంత్రం కోసుకోవాలి. కరివేపాకు రెబ్బల నుంచి ఆకు దూసి మూత ఉన్న డబ్బాలో పెట్టడం, అల్లం వెల్లుల్లి నూరి పెట్టడం పిల్లలకు అప్పజెప్పగల పనులు.

ఉల్లిపాయలు, టమాటాలు చెరో అరకిలో సన్నగా తరిగి, తక్కువ నూనెలో నిదానంగా వేయించి ముద్ద చేసి పెట్టుకుంటే నాలుగు రోజులు వస్తుంది. రాత్రి నానబెట్టి పొద్దున ఉడికించిన శనగలు అందులో వేస్తే ఒక కూర. ఉడికించిన గుడ్లు గాట్లు పెట్టి వేసి, కాస్త చింతపండు గుజ్జు కలిపితే గుడ్ల పులుసు. పెంకు తీయని ఉడికిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం నిలవుంటాయి, పొద్దున ఆఫీసు బాక్సులోకీ పనికొస్తాయి. ఆదివారం తెచ్చిన చికెన్‌లో సగం ఆ రోజే వండుకుని, మిగతా సగం పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి మూతపెడితే సోమవారం రాత్రి పని తేలిక. మంగళవారం దాటి ఉంచాలంటే డీప్ ఫ్రీజర్లో పెట్టాల్సిందే.

వారంలో ఒక రాత్రి టిఫిన్ పెట్టుకోండి. కప్పు మినప్పప్పుకు రెండు కప్పుల ఇడ్లీ రవ్వ కలిపిన పిండి పులిశాక ఫ్రిజ్‌లో నాలుగు రోజులు బాగుంటుంది. మొదట ఇడ్లీ, పులుపెక్కాక ఉల్లిపాయ, క్యారెట్ తురుము చల్లి ఊతప్పం. పిండి రుబ్బి పులియబెట్టే ఓపిక లేకపోతే పెసలు ఉన్నాయి. పొద్దున నానబోసి ఆఫీసుకు వెళ్తే రాత్రికి అల్లం, పచ్చిమిర్చితో తిప్పి అప్పటికప్పుడే పెసరట్టు పోసుకోవచ్చు, పులియాల్సిన పనే లేదు.

పొడుల సంగతి మన అమ్మమ్మలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కందిపొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, నువ్వుల పొడిలో ఏవైనా రెండు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. సన్న మంట మీద ఓపిగ్గా వేయించి, పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టండి. వేడి మీద పడితే చెమ్మ చేరి త్వరగా పాడవుతుంది. నువ్వుల పొడి కొంచెం కొంచెమే చేసుకోవాలి, నూనె గింజ కనుక కొన్నాళ్లకు కమురు వాసన వస్తుంది. ఇంట్లో కొట్టుకునే పొడిలో ఉప్పు తగ్గించే వీలుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయనే రోజూ కూరగా తింటే ఆ హద్దు ఎప్పుడు దాటామో తెలియదు.

పీజీ గదిలో ఒక ఇండక్షన్ పొయ్యితో, ఫ్రిజ్ లేకుండా నెట్టుకొచ్చే కుర్రవాళ్లకూ అమ్మాయిలకూ ఉడికించి దాచే పద్ధతి పనికిరాదు. మీకు పెసరపప్పు, ఎర్ర కందిపప్పు మేలు. కడిగి పడేస్తే చాలు, త్వరగా ఉడుకుతాయి. అందులోనే ఏదో ఒక ఆకుకూర వేయండి. ఊరి నుంచి అమ్మ పంపిన కందిపొడి, నెయ్యి, గుడ్డు, పెరుగు, మొలకెత్తిన పెసలు ఉంటే కంచం నిండినట్టే. పొడుల సీసాలో తడి చెంచా పెట్టకండి.

ఇంకొక మాట, ఇది వంటకంటే ముఖ్యం. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు ఆ పనిలో గడుపుతుంటే, మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. ఈ ఆదివారం వంట ఇల్లాలికి ఇంకో రెండు గంటల చాకిరీగా మారితే నేను చెప్పినదంతా వృథా. బజారు ఒకరు చేయాలి, పప్పు, చింతపండు పని ఒకరు చూడాలి, తరగడానికి అందరూ కూర్చోవాలి. ఏ డబ్బాలో ఏముందో, ఎప్పటిలోగా తినాలో చిన్న కాగితం మీద రాసి అంటించండి. అప్పుడు సాయంత్రం ముందుగా ఇల్లు చేరినవాళ్లు, భర్తైనా, డిగ్రీ చదివే కొడుకైనా, ఎవరినీ అడగకుండా పోపు వేయగలరు.

అన్నీ ఒకే ఆదివారం తలకెత్తుకోవద్దు. మొదటివారం కందిపప్పు ఉడికించి మూడు డబ్బాల్లో పెట్టి, చింతపండు గుజ్జు తీసి, ఆకుకూర బాగుచేసి ఉంచండి. మొత్తం గంట పని. అది అలవాటయ్యాక ఉల్లి టమాటా ముద్ద, ఆ తర్వాత ఇడ్లీ పిండి. కందిపొడి ఏ సెలవు రోజైనా కొట్టుకోవచ్చు.